బోళ్లు తోమే పిల్ల

ఏమే చింతపండూ,

దసరాకి ముందు వచ్చిన నీ ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నా, తిట్టకు. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, చిన్నోడికి జ్వరం తగ్గింది, దేవరకొండలో చలి మొదలైంది. ఇవన్నీ తర్వాత. రెండు వారాలుగా ఒక మాట గొంతులోనే ఉండిపోయిందే.

పిల్లల మీద జరిగే హింసను బడిలో ఎలా గుర్తుపట్టాలో నేర్పడానికి మాకు నల్గొండలో రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. ఆయమ్మను, వంటక్కను కూడా తీసుకురమ్మన్నారు. వాళ్లెందుకని అనుకున్నా. ఎండల్లో కూడా నిండు చేతుల చొక్కా, కిందపడితే తగలని చోట, చెవి వెనకో వీపు మీదో కమిలిన మచ్చలు, ఒక మనిషి పేరెత్తగానే బిగుసుకుపోవడం... మేడమ్ చెప్తుంటే మేం రాసుకుంటున్నాం. మా వంటక్క ఉన్నట్టుండి లేచింది. "ఒక పిల్ల ఉన్నది మేడం. బెల్లు కొట్టినంక ఇంటికి పోదు. నీ బోళ్లు నేను తోముతనక్కా అంటది. పొమ్మంటే ఏడుస్తది."

నా క్లాసు పిల్లే. పేరు నీక్కూడా రాయను, బయటపెట్టకూడదు. ఎంత బుద్ధిమంతురాలో చూడండని ప్రేయర్‌లో అందరి ముందూ మెచ్చుకున్నాను ఆ పిల్లని! బీఎడ్‌లో చైల్డ్ సైకాలజీ ఎంత బట్టీ పట్టామే మనం. ఆ మధ్యాహ్నం ముద్ద దిగలేదు.

తిరిగొచ్చాక వంటగది గడప మీద దాని పక్కన కూర్చున్నా. గుచ్చి గుచ్చి అడగొద్దు, ఎవరికీ చెప్పనని మాటివ్వొద్దు అన్నది గుర్తుంది. "ఇంటికి పోవాలంటే ఎట్లనిపిస్తది బిడ్డా?" అన్నానంతే. కడిగిన గంజునే మళ్లీ మళ్లీ తోముతూ ఉండిపోయింది. తర్వాత, "అమ్మ పత్తి ఏరనీకి పోతది టీచర్. చీకటైనంకనే వస్తది. ముందుగాల ఆయనొస్తడు."

చెప్పి మంచి పని చేసినవ్, నీ తప్పేం లేదు అన్నా. దాని మాటలు ఉన్నవి ఉన్నట్టు నోట్‌బుక్‌లో రాశా. అక్షరాలన్నీ వంకర.

పెద్దసారు బడి పేరు పోతుందని నసిగారు. పిల్లల్ని లైంగిక హింస నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోతే 6 నెలల దాకా జైలు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసుండదు అని చెప్పి, నేనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశా. మర్నాడు ఎస్సై మేడమ్ వచ్చింది. పిల్ల దగ్గరికి యూనిఫాంలో రాకూడదట, మామూలు నూలు చీరలో వచ్చింది. పిల్లేమో కొత్త టీచరనుకుని లేచి నమస్తే పెట్టింది. నాకు ఏడుపాగలేదు. ఏడో నంబరు గదిలో బకెట్ పోయిన రోజు నువ్వు ఏడ్చిన ఏడుపు కాదే, ఇది వేరే.

వాళ్లమ్మ మొహం నేను... అది ఎదురుగా చెప్తాలే.

ఇప్పుడు సాయంత్రం అమ్మమ్మ వచ్చి తీసుకెళ్తోంది. నిన్న మళ్లీ అన్నం సరిగా తినలేదని వంటక్క చెప్పింది. రేపు నేనే పక్కన కూర్చుని... అయ్యో, బస్సొచ్చేసింది. ఉంటానే.