క్రిమి చచ్చినా విషం చావదు

సంపాదకులకు,

వాంతులో విరేచనాలో మొదలవగానే చాలామంది యాంటీబయాటిక్ మాత్ర వెతుక్కుంటారు. క్రిమి చస్తే జబ్బు పోతుందని నమ్మకం. కానీ చాలా జబ్బుల్లో మనిషిని పడగొట్టేది క్రిమి వదిలే విషం. ఈ తేడాను మీ ఆరోగ్య పేజీలో వివరంగా రాయండి, ప్రాణాలు నిలుస్తాయి.

కలరానే తీసుకోండి. దాన్ని తెచ్చే క్రిమి విబ్రియో కలరే పేగు గోడను తొలుచుకుని పోదు. పిలై అనే సన్నటి నూగుతో పైపొరనే పట్టుకుని విషం వదులుతుంది. ఆ విషంలోని ఐదు బి ముక్కలు కణానికి అతుక్కుంటే, ఎ ముక్క లోపలికి చేరుతుంది. కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగిపోతుంది, క్లోరైడ్ పేగులోకి పారుతుంది, దాని వెంటే సోడియం, నీరు. తీవ్రమైతే గంటకు లీటరు దాకా పోతుంది. బియ్యం కడిగిన నీళ్లలా కనిపించే ఆ విరేచనంలో రక్తం ఉండదు, ఎందుకంటే గోడ చెక్కుచెదరలేదు. 1959లో కలకత్తాలో శాస్త్రవేత్త శంభునాథ్ దే కలరా క్రిములను పెంచి, అవి లేకుండా వడకట్టిన ద్రవంతోనే కుందేలు పేగు నీటితో ఉబ్బుతుందని చూపించారు. ఆయనకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

గ్లూకోజ్‌తో కలిసి సోడియం లోపలికి వెళ్లే దారిని మాత్రం ఈ విషం మూయలేదు. గ్లూకోజ్, ఉప్పులు కలిసిన ఓఆర్ఎస్ పొడి పనిచేసేది ఆ దారిలోనే. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తాన్ని సరిగ్గా లీటరు శుభ్రమైన నీటిలో కలపాలి. కంటికొలత పనికిరాదు: నీరు తగ్గితే ఒంట్లో ఉప్పు పెరుగుతుంది, పైన పంచదార కలిపితే అది నీటిని పేగులోకే లాగి విరేచనాలను పెంచుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు తాగించాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో మళ్లీ మొదలుపెట్టాలి. తీవ్రమైన కలరాలో వైద్యులు యాంటీబయాటిక్ ఇస్తారు, కానీ పోయిన నీటిని అది తిరిగి తేలేదు.

తిండిని విషమయం చేసే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి సంగతి ఇంకోలా ఉంటుంది. వండినవారి చేతి పుండు నుంచి అన్నంలోకి చేరి, గంటల తరబడి బయట ఉంటే పెరిగి, విషం తయారుచేస్తుంది. మళ్లీ మరిగిస్తే క్రిమి చస్తుంది, విషం మిగులుతుంది. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు. ఇక్కడ యాంటీబయాటిక్‌కు పనే లేదు.

రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా క్రిమి నిజంగానే పేగు గోడలోకి దూరుతుంది. జబ్బు రావడానికి 10 నుంచి 100 క్రిములు చాలు. రక్తం, జ్వరం కనిపిస్తే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. విరేచనాలు ఆపే లోపరమైడ్ మాత్ర అప్పుడు వేసుకోకూడదు, పేగు కదలిక మందగించి క్రిమీ విషమూ లోపలే నిలిచిపోతాయి.

– సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు