ఐరిష్ రెడ్ ఏల్‌ను దాని కొలతతోనే తూచాలి

సంపాదక మహాశయులకు,

నమస్కారం. ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో విదేశీ బీర్లను రుచి చూసి మార్కులు వేసిన వ్యాసం చదివాను. అందులో ఐర్లండ్‌కు చెందిన ఎర్రటి బీరు రకమైన ఐరిష్ రెడ్ ఏల్‌ను చిట్టచివర ఉంచి, రంగు తప్ప అందులో ఏమీ లేదని, చేదు చాలలేదని, ఘాటు అసలే లేదని తేల్చారు. కొన్నేళ్లుగా డబ్లిన్‌లో ఉంటూ, ఇళ్లలో బీరు కాచుకునేవారి పోటీల్లో మార్కులు వేస్తున్న నాకు ఈ తీర్పు అన్యాయంగా తోచింది. చారులో పులుసు చిక్కదనం లేదని ఎవరూ తప్పుపట్టరు కదా.

పోటీల్లో మేము అనుసరించే బీజేసీపీ (బీరు న్యాయనిర్ణేతల సంస్థ) 2021 మార్గదర్శకాల ప్రకారం ఈ రకంలో ఆల్కహాలు 3.8 నుంచి 5 శాతం, చేదు 18 నుంచి 28 ఐబీయూ (చేదును కొలిచే ప్రమాణం) ఉండాలి. అదే ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ) అనే చేదు బీరులో చేదు 40 నుంచి 70 దాకా ఉంటుంది. ఐపీఏ తాగిన నాలుకతో వెంటనే రెడ్ ఏల్ తాగితే అది నీళ్లలా అనిపించక తప్పదు; వ్యాసంలో చెప్పిన వరుసను బట్టి చూస్తే జరిగింది అదే. తేలికైన బీర్లతో మొదలుపెట్టి గాఢమైనవాటిని చివరకు ఉంచడం ఈ పనిలో మొదటి జాగ్రత్త.

ఈ ఏల్ రుచికి ఆయువుపట్టు వేయించిన బార్లీ. మొలకెత్తించకుండానే నల్లబడేదాకా వేయించిన ఈ గింజలు మొత్తం ధాన్యంలో నూటికి రెండు మూడు పాళ్లు పడితే చాలు, బీరుకు తోమిన రాగి చెంబు రంగు వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి గొంతు దిగిన మరుక్షణం సన్నని మాడు రుచి, కాఫీ గింజను తలపించే ఒక వగరు వచ్చి ఆ తీపిని తుడిచేస్తుంది. మంచి రెడ్ ఏల్‌లో నేను వెతికేది ఆ చివరి క్షణాన్నే. నేను మొదటిసారి ఈ రకానికి మార్కులు వేసిన రోజున, పాకం వాసన గుప్పుమన్న ఒక గ్లాసుకు 50కి 40 ఇచ్చాను. పక్కన కూర్చున్న పెద్దాయన నాతో వాదించలేదు. పది నిమిషాలు ఆగి అదే గ్లాసు మళ్లీ తాగి చూడమన్నారు. రెండో గుక్కకే తీపి నాలుకను పట్టేసింది, మూడో గుక్క తాగబుద్ధి కాలేదు. పబ్బులో 568 మిల్లీలీటర్ల పైంటు మొత్తం తాగేందుకు కాచే బీరును ఒక్క గుక్కతో తేల్చకూడదని నాకు ఆనాడే అర్థమైంది.

చల్లదనం విషయంలోనూ పొరపాటు జరిగింది. ఐసు ముక్కల్లో పెట్టి తీసిన సీసాను అప్పటికప్పుడు పోశామని వ్యాసంలోనే రాశారు. అంత చలిలో కాల్చిన రొట్టెను, బిస్కెట్టును గుర్తుచేసే మాల్ట్ వాసన పైకి రాదు. ఫ్రిజ్‌లోంచి తీశాక కాసేపు బయట ఉంచి, గ్లాసును అరచేతుల మధ్య పట్టుకుని, పోసిన వెంటనే ముందు వాసన చూడాలి. మా మార్కుల పత్రంలో వాసనకు 12, రుచికి 20 మార్కులు ఉంటే, చూపుకు ఉన్నవి మూడే. అంటే ‘రెడ్’ అన్న పేరును పట్టుకుని ఎరుపు చాలలేదని మార్కులు కోయడానికి పెద్దగా చోటే లేదు.

వెన్న వాసన వచ్చిందని దాన్ని పెద్ద లోపంగా చూపారు. పులియడంలో ఈస్ట్ వదిలే డయాసిటైల్ అనే పదార్థం వల్ల ఆ వాసన వస్తుంది. చల్లగా పులియబెట్టే లాగర్ బీర్లలో చాలావాటికి అది తప్పే గానీ, ఈ రకంలో లీలగా తగిలితే మార్గదర్శకాలే అనుమతిస్తున్నాయి. వెన్న రాసిన పాప్‌కార్న్‌లా ముక్కుకు కొడితే మాత్రం నేనూ మార్కులు తగ్గిస్తాను. తడిసిన అట్టపెట్టె వాసన సంగతి వేరు. అది బీరు పాతబడిందనడానికి గుర్తు; సముద్రం దాటి వచ్చి మన ఎండల్లో గోదాముల్లో మగ్గిన సీసాలో అది కనిపిస్తే, తప్పు కాచినవారిది కాదు. సీసా మీది తేదీని వ్యాసంలో ఎక్కడా చెప్పలేదు.

ఈ రకంలో పేరున్న బీరు స్మిథిక్స్ 1710 నుంచి ఐర్లండ్‌లోని కిల్‌కెన్నీ అనే ఊరితో ముడిపడిన పేరు. అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ అబ్బీ బ్రూవరీ 2013లో మూతపడింది. సొంత ఊళ్లోనే తయారీ ఆగిపోయిన ఈ బీరును గురించి తెలుగులో రాసేవారు అరుదు. అలాంటప్పుడు వచ్చిన ఒక్క వ్యాసమూ తప్పుడు కొలతతో రావడం నన్ను నిజంగా బాధించింది.

తేదీ చూసి తెచ్చిన సీసాతో, ఐపీఏల కన్నా ముందు, మరీ చల్లగా కాకుండా ఈ ఏల్‌ను మీ రచయిత మరొక్కసారి రుచి చూసి, గ్లాసు ఖాళీ అయ్యాకే మార్కులు వేసి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, డబ్లిన్