ఎపిడ్యూరల్: మందు పేరు కన్నా గాఢత ముఖ్యం

సంపాదకులకు,

పురిటి నొప్పుల నివారణ గురించి మీ ఆరోగ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ఎపిడ్యూరల్, అంటే వెన్నులో ఉంచిన సన్నని గొట్టం ద్వారా మత్తుమందు ఇచ్చి నొప్పి తగ్గించే పద్ధతి, అనగానే కలిగే అనవసర భయాలను పోగొట్టడానికి వ్యాసకర్త చేసిన ప్రయత్నం మెచ్చుకోదగినది. అయితే ఇందులో వాడే మత్తుమందుల్లో బుపివకైన్ పాతది కనుక కాళ్లను కదలనివ్వదనీ, గుండెకు చేటు చేస్తుందనీ, రోపివకైన్ కొత్తది కనుక ఆ ఇబ్బందులేవీ ఉండవనీ అర్థం వచ్చేలా రాసిన భాగం పాఠకులను పొరపాటు దారి పట్టిస్తుందని నా ఆందోళన. చాలా ఏళ్లుగా కాన్పు గదిలో పనిచేస్తున్న మత్తు వైద్యురాలిని నేను. ఏ మందు ఇస్తున్నారని అడిగే కుటుంబాలు ఎన్నో వస్తున్నాయి గానీ, దాన్ని ఎంత గాఢతలో ఇస్తున్నారని అడిగిన వారు ఇంతవరకు నాకు తారసపడలేదు. నొప్పులు పడే తల్లి ఆ కొన్ని గంటలు ఎలా గడుపుతుందన్నది చాలావరకు ఈ రెండో ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది.

కాన్పు మొదటి దశలో గర్భాశయం నుంచి, దాని ముఖద్వారం నుంచి వచ్చే నొప్పి ఛాతీ భాగపు చివరి నరాలు, నడుము భాగపు మొదటి నరం ద్వారా వెన్నుపాముకు చేరుతుంది. బిడ్డ తల కిందికి దిగుతున్న కొద్దీ త్రికాస్థి (నడుము కింది ఎముక) ప్రాంతపు నరాల నొప్పి దానికి తోడవుతుంది. వెన్నుపాము పొర వెలుపల ఉంచిన సన్నని గొట్టం ద్వారా వెళ్లే స్థానిక మత్తుమందు, ఈ నరాలలోకి సోడియం ప్రవేశించే ద్వారాలను మూసి నొప్పి సంకేతాన్ని ఆపుతుంది. మందు పలుచగా ఉన్నప్పుడు నొప్పిని మోసే సన్నని తంతువులు ముందుగా లొంగుతాయి, కాళ్లను కదిలించే లావు తంతువులు చాలావరకు పనిచేస్తూనే ఉంటాయి. గాఢత పెంచితే రెండూ మొద్దుబారతాయి. కాళ్లు బరువెక్కి, ముక్కే శక్తి తగ్గడం వెనుక ఉన్న అసలు సంగతి ఇది.

బుపివకైన్‌కు చెడ్డపేరు ఊరికే రాలేదు. 1957లో స్వీడన్‌లో తయారైన ఈ మందులో, కుడిచేయి ఎడమచేయిలాగా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే రెండు రకాల అణువులు సమానంగా కలిసి ఉంటాయి. వాటిలో కుడివైపుది గుండెలోని సోడియం ద్వారాలను ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది, వదలడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. నిండు గర్భిణుల్లో వెన్ను లోపలి సిరలు ఉబ్బి ఉంటాయి కనుక గొట్టం పొరపాటున సిరలోకి వెళ్లే అవకాశం ఉంది. పెద్ద మోతాదు అలా నేరుగా రక్తంలో కలిసి గుండె ఆగిపోతే, దాన్ని తిరిగి కొట్టుకునేలా చేయడం ఎంతో కష్టమయ్యేది. ఈ ప్రమాదాన్ని 1979లో జార్జ్ ఆల్‌బ్రైట్ అనే అమెరికన్ మత్తు వైద్యుడు ఒక సంపాదకీయంలో ఎత్తిచూపారు. ఆ తర్వాతి కొద్ది సంవత్సరాలలోనే 0.75 శాతం బుపివకైన్‌ను ప్రసూతి ఎపిడ్యూరల్‌లో వాడరాదన్న హెచ్చరిక అమెరికాలో వచ్చింది. ఎడమవైపు అణువు మాత్రమే ఉన్న రోపివకైన్ 1990ల మధ్యలోనూ, బుపివకైన్‌లోని ఎడమవైపు భాగాన్ని మాత్రమే వేరుచేసిన లెవోబుపివకైన్ దాని తర్వాతా వాడుకలోకి రావడానికి ఈ అనుభవమే కారణం.

కానీ ఆ హెచ్చరిక 0.75 శాతం గాఢతకు సంబంధించినదని మరవకూడదు. ఆ గాఢతలో 20 మిల్లీలీటర్లు ఇస్తే 150 మిల్లీగ్రాముల మందు లోపలికి వెళుతుంది. ఈ రోజు పురిటి నొప్పులకు వాడేది సాధారణంగా 0.0625 నుంచి 0.1 శాతం మాత్రమే, అంటే 0.1 శాతంలో 10 మిల్లీలీటర్లు ఇచ్చినా తల్లికి చేరేది 10 మిల్లీగ్రాములు. ఇంత తక్కువ మోతాదులో గుండె భద్రత విషయంలో ఈ మందుల మధ్య ఉన్న తేడా ఆచరణలో చాలా చిన్నదైపోతుంది.

కాళ్ల బలం విషయంలోనూ పోలిక జాగ్రత్తగా చూడాలి. సగం మంది తల్లులకు తగినంత ఉపశమనం కలిగించే కనీస గాఢత ఎంత అన్నది 1990ల చివర్లో కొందరు పరిశోధకులు కొలిచారు. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో అది బుపివకైన్‌కు 0.067 శాతం, రోపివకైన్‌కు 0.111 శాతం అని తేలింది. అంటే రోపివకైన్ శక్తి బుపివకైన్ శక్తిలో సుమారు అరవై శాతం. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం కూడా దాదాపు ఇదే నిష్పత్తిని చూపింది. లెవోబుపివకైన్ శక్తి మాత్రం బుపివకైన్‌కు దాదాపు సమానం. కాబట్టి బుపివకైన్, రోపివకైన్ రెండింటినీ ఒకే గాఢతలో ఇచ్చి, రోపివకైన్‌తో కాళ్లు తక్కువగా బరువెక్కాయని చెప్పినప్పుడు, తక్కువ శక్తి ఉన్న మందు తక్కువ ప్రభావం చూపిందన్న మాటే అందులో కొంత దాగి ఉంటుంది. వాడుకలో ఉన్న మోతాదులలో రోపివకైన్‌తో కాళ్ల బలహీనత కొంత తక్కువని చూపిన అధ్యయనాలు ఉన్న మాట నిజం, దాన్ని కాదనను. అయితే సహజ కాన్పులు, సిజేరియన్లు, పరికరాల సాయంతో జరిగే కాన్పులు, పుట్టిన బిడ్డ పరిస్థితి, ఇవన్నీ కలిపి చూసిన సమీక్షలలో ఈ రెండు మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

తేడా స్పష్టంగా కనిపించింది గాఢత మార్చినప్పుడే. బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా తొలి కాన్పు స్త్రీలపై జరిగి 2001లో ప్రచురితమైన కామెట్ అధ్యయనంలో, పాత పద్ధతిలో 0.25 శాతం బుపివకైన్ పొందిన వారిలో 35 శాతం మందికి సహజంగా కాన్పయింది. తక్కువ గాఢత పద్ధతులు పొందిన రెండు బృందాలలో అది 43 శాతం. మందు అదే బుపివకైన్, దాన్ని పలుచన చేసి ఫెంటనిల్ అనే నల్లమందు తరహా నొప్పినివారిణిని కలిపారు, అంతే. బిడ్డను బయటకు లాగే ఫోర్సెప్స్, వాక్యూమ్ పరికరాల అవసరం అంతమందికి తప్పడమంటే ఒక తల్లికి, ఒక బిడ్డకు అది ఎంత మేలో కాన్పు గదిలో నిలబడిన వారికి తెలుసు.

తన అక్క కాన్పులో బుపివకైన్ ఇచ్చారనీ, కాళ్లు గంటల తరబడి కదలలేదనీ, తనకు ఆ మందు వద్దే వద్దనీ కన్నీళ్లతో చెప్పిన ఒక గర్భిణి నాకింకా గుర్తుంది. అక్క దగ్గరున్న కాగితాలు చూస్తే 0.25 శాతం మందును మళ్లీ మళ్లీ ఇచ్చినట్టు ఉంది. అదంతా వివరించి, ఆమె ఒప్పుకున్న తర్వాత 0.1 శాతం బుపివకైన్‌తో పాటు మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల ఫెంటనిల్ ఇచ్చాం. కొద్దిగా దురద పెట్టింది, అది ఫెంటనిల్ వల్ల తరచు వచ్చేదే. బిడ్డ పుట్టే దాకా ఆమె తన కాళ్లను తానే మడుచుకుంది, తానే చాపుకుంది.

మందు పేరు నిజంగా ముఖ్యమయ్యే సందర్భాలు వేరే ఉన్నాయి. నొప్పుల మధ్యలో ఉన్నట్టుండి సిజేరియన్ అవసరమైతే, అదే గొట్టంలోంచి గాఢమైన మందు పెద్ద మోతాదులో ఇవ్వాలి. అక్కడ వేగం కోసం అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకైన్‌నో, ఇంకా త్వరగా పనిచేసే 3 శాతం క్లోరోప్రోకైన్‌నో ఎంచుకుంటారు. క్లోరోప్రోకైన్‌ను రక్తంలోని ఎంజైములు చాలా త్వరగా విచ్ఛిన్నం చేస్తాయి కనుక బిడ్డకు చేరేది అత్యల్పం. ఆక్సిజన్ తగ్గి రక్తం ఆమ్లంగా మారిన బిడ్డలో మిగతా మందులు పేరుకునే ప్రమాదం ఉంది కనుక ఇది చిన్న విషయం కాదు. వేగం కన్నా నిడివి అవసరమై పెద్ద మోతాదు ఇచ్చేటప్పుడు లెవోబుపివకైన్, రోపివకైన్‌ల భద్రతకు నిజమైన విలువ ఉంటుంది. ఇక గంటల తరబడి సాగే నొప్పులకు లిగ్నోకైన్ ఒక్కటే సరిపోదు, దాని ప్రభావం త్వరగా తగ్గుతుంది, మళ్లీ ఇచ్చిన కొద్దీ పట్టు సడలుతుంది.

ఏ మందైనా జాగ్రత్తలు ఒకటే. మొదట కొద్ది మోతాదు ఇచ్చి గొట్టం సిరలో గానీ, వెన్నుద్రవంలో గానీ లేదని చూసుకోవాలి. మిగతాది విడతలుగా ఇవ్వాలి. రక్తపోటును, బిడ్డ గుండె చప్పుడును గమనిస్తూ ఉండాలి. మందు రక్తంలో కలిసి విషప్రభావం కనిపిస్తే వెంటనే వాడవలసిన 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (సిరలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం) చేతికందే దూరంలో ఉండాలి.

మీ పత్రిక ఈ విషయంపై మళ్లీ రాసేటప్పుడు, మందుల పేర్ల పక్కనే వాటి గాఢతను కూడా ప్రచురించాలని కోరుతున్నాను. కాన్పుకు ముందే వైద్యులను కలిసే తల్లులు ఎంత గాఢతలో ఇస్తారు, ఫెంటనిల్ కలుపుతారా, మందును యంత్రం నిర్ణీత వ్యవధిలో పంపుతుందా, అవసరమైనప్పుడు మీట నొక్కి తామే తీసుకునే వీలుందా, రాత్రివేళ మత్తు వైద్యులు అందుబాటులో ఉంటారా అని అడిగేలా ఆ వ్యాసం ఉండాలి. రోపివకైన్ దొరకని ఆసుపత్రిలో కాన్పు కావలసి ఉందన్న కారణంతో ఏ తల్లీ ఎపిడ్యూరల్‌నే వద్దనుకోకుండా చూడండి.

ఇట్లు,
ఒక మత్తు వైద్యురాలు