నాలుగున్నర గంటల్లో సగం రిఫరల్ చీటీకే పోతోంది

వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పక్షవాతం వచ్చినవాళ్లకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఇవ్వాలని రెండుసార్లు వినతిపత్రాలు ఇచ్చాం, జవాబు రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాం.

గుండెపోటు పథకం గురించి మీకు మేం చెప్పక్కర్లేదు. గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను జిల్లా, ఏరియా ఆసుపత్రులకు ఉచితంగా పంపారు. నిజంగా మంచి పని. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డనూ ఆ మందే కరిగిస్తుంది. అయినా మూతి వంకరపోయి, ఒక పక్క చేయీ కాలూ పడిపోయి, మాట ముద్దగా వస్తున్న మనిషిని తీసుకొస్తే చాలాచోట్ల దొరికేది రిఫరల్ చీటీయే. అరకు నుంచి విశాఖకు వంద కిలోమీటర్ల పైమాటే, అందులో ఘాట్ రోడ్డు. ఇంజెక్షన్‌కు ఉన్న గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలు. పెద్ద నాళం మూసుకుపోతే మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు (నాడీకణాలు) చచ్చిపోతాయని లెక్క. అంబులెన్సులో ఆ మనిషికి జరిగేది ఇదే.

పక్షవాతాల్లో ఎక్కువ భాగం గడ్డ అడ్డుపడి వచ్చేవి, మిగతావి నాళం చిట్లి వచ్చేవి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. నాళం చిట్లిన మెదడుకు ఈ మందు ఇస్తే ప్రాణమే పోవచ్చు కాబట్టి ముందు సీటీ స్కాన్ తీయాల్సిందే. మిషన్ ఉన్న ఆసుపత్రుల్లో కూడా రాత్రిపూట ఫిల్మ్ చూసి చెప్పేవాళ్లు లేక రోగిని పంపేస్తున్నారు. ఫోన్లో బొమ్మ చూసి చెప్పడానికి ఒక న్యూరాలజిస్టు చాలు కదా! హిమాచల్‌ప్రదేశ్ కొండల్లో 2014 నుంచి న్యూరాలజిస్టు లేని ఆసుపత్రుల్లోనే, ఫోన్లో సలహా తీసుకుంటూ గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు.

మందు పంపితే సరిపోదు, మోతాదు నేర్పాలి. గుండెకు ఇచ్చే మోతాదు మెదడుకు ఇస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. 60 కిలోల మనిషికి గుండెపోటులో మామూలుగా 35 మిల్లీగ్రాములు. మెదడుకైతే కిలోకు 0.25 చొప్పున 15 మాత్రమే, ఎంత బరువున్నా 25 దాటకూడదు. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములుగా కలిపిన మందులో 15 అంటే 3 మిల్లీలీటర్లు. ఈ లెక్క పట్టిక రూపంలో ప్రతి క్యాజువాలిటీ గోడ మీదా ఉండాలి. స్ట్రెచర్ మీది రోగి బరువును కంటిచూపుతో అంచనా వేస్తున్నారు. తూకం ఉన్న మంచం ఒక్కటి ఇప్పించండి.

తొలి గంటలో జరిగే తప్పులు ఇంకా ఉన్నాయి. బీపీ ఎక్కువుందని నాలుక కింద నిఫెడిపిన్ వేస్తారు. దాంతో బీపీ ఒక్కసారిగా పడిపోయి, గడ్డ చుట్టూ కొనప్రాణంతో ఉన్న మెదడుకు ఉన్న కాస్త రక్తమూ అందదు. ఇంజెక్షన్‌కు ముందు బీపీని 185/110 కంటే దిగువకు, అదీ నరంలోకి మందిచ్చి, నెమ్మదిగా తేవాలి. షుగరు పడిపోయినా ఒక పక్క చచ్చుబడినట్టే ఉంటుంది కాబట్టి గ్లూకోమీటరు ముందు. మింగగలడో లేదో చూడకుండా మాత్రలు, నీళ్లు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సీటీ కాకముందే ఆస్పిరిన్ వద్దు.

రిఫరల్ చీటీలో 'ఆఖరిసారి బాగున్న సమయం' అనే గడి లేదు. ఇంట్లోవాళ్లు చూసిన వేళ రాస్తున్నారు. నిద్రలో పక్షవాతం వచ్చినవాళ్ల విషయంలో పడుకున్న వేళ నుంచే గడియారం తిరుగుతుంది. ఒక గడి చేర్చడానికి డబ్బేం ఖర్చు కాదండీ.

ఊళ్లలో పావురం రక్తం పూయించడానికి, నాటుమందుకు తీసుకెళ్లి రెండు రోజులు పోగొట్టుకుంటున్నారని అధికారులు ప్రజలనే తప్పుపడుతున్నారు. ఆసుపత్రికి వస్తే లాభముందని జనం కళ్లారా చూస్తే ఎందుకు రారు? గొట్టం పంపి గడ్డను లాగేసే చికిత్స పెద్ద నగరాల్లో ఉంది, ఎంపిక చేసిన రోగులకు 24 గంటల దాకా చేయొచ్చు. దాని సంగతి తర్వాత చూద్దాం.

సీటీ ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో గుండెకని పంపిన ఇంజెక్షన్‌ను పక్షవాతానికీ వాడేలా, రాత్రింబవళ్లూ ఒక న్యూరాలజిస్టు ఫోన్ అందుబాటులో ఉండేలా ఉత్తర్వు ఇవ్వండి. అక్టోబరు 29, ప్రపంచ స్ట్రోక్ దినం లోపు ఇప్పించమని చేతులు జోడించి అడుగుతున్నాం.