ఉన్న వ్యవస్థలోనే మొలిచిన గ్రామసభ

సంపాదకులకు,

అయ్యా,

కొత్త సంస్థ రావాలంటే పాతది కూలిపోవాలనుకునేవారు మహారాష్ట్రలో మా గడ్చిరోలి జిల్లాలోని మేంఢా (లేఖా) గోండు గూడేన్ని ఒకసారి చూడాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు పొందిన ఆ గ్రామసభకు, 2011లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ సమక్షంలో వెదురు రవాణా పర్మిట్ల పుస్తకం అందింది. అటవీ శాఖ రద్దు కాలేదు, పంచాయతీ మూతపడలేదు. పర్మిట్‌పై సంతకం చేసే చేయి మాత్రమే మారింది. ‘ఢిల్లీ, ముంబయిలలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు’ అన్న ఆ ఊరి నినాదంలో పై సర్కారును కాదనే మాట లేదన్నది గమనించాలి. చట్టం రాక ముందే, ఏళ్ల తరబడి అభ్యాస బృందాలలో (ఊరివాళ్లు కలిసి కూర్చొని విషయాలు చర్చించి నేర్చుకునే గుంపులలో) కూర్చొని, అందరూ ఒప్పుకునేదాకా నిర్ణయాన్ని వాయిదా వేసుకున్న ఓపికే ఈ మార్పుకు అసలు పునాది అని నా నమ్మకం.

ప్రాణహిత ఒడ్డున ఉన్న మా సిరోంచ వైపు కొన్ని ఊళ్లలో మాత్రం గ్రామసభ అంటే సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరగడమే. తునికాకు డబ్బు లెక్కలు మరాఠీ కాగితాలకే పరిమితమైతే, తెలుగు, మాడియా అనే ఆదివాసీ భాష మాట్లాడే కూలీలు ప్రశ్నించేదెలా? ఆ లెక్కలను వారి భాషల్లో సభలో చదివి వినిపించాలని, అందుకు కొత్త జీవో ఏదీ అక్కర్లేదని అధికారులకు మనవి.

— ఒక పాఠకుడు, సిరోంచ