బ్లైటీ నుంచి పెద్దనాన్నకు

బ్రైటన్, ఇంగ్లండు

పెద్దనాన్న గారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. పట్టాళంలో పని చేసిన మీకు నచ్చే కబురు ఒకటి రాస్తున్నాను.

ఇక్కడి పాతకాలం వాళ్లు తమ దేశాన్ని ముద్దుగా ‘బ్లైటీ’ అంటారు. మొన్న మా ఆఫీసులో ఒక పెద్దాయన స్పెయిన్‌లో సెలవులు గడిపి వచ్చి, ఎండకు కమిలిన ముక్కు తడుముకుంటూ ‘మళ్లీ బ్లైటీకే’ అని నిట్టూర్చాడు. ఆ మాట పుట్టింది మన దేశంలోనే అంటే నమ్ముతారా?

మీకు తెలిసిన హిందుస్తానీ ‘విలాయత్’ దానికి మూలం. అరబ్బీలో అది ఒక పాలకుడి ఏలుబడిలోని ప్రాంతం. మన దేశానికి వచ్చేసరికి పరదేశమైంది, తెల్లవాళ్ల కాలంలో ఇంగ్లండు అయింది. విలాయతీ అంటే సీమసరుకు. దాన్నే బిలాయతీ అని కూడా పలికేవారు. సోడా నీళ్లు బిలాయతీ పానీ. ఆ బిలాయతీయే మన దేశంలో కొలువు చేసిన తెల్ల సోల్జర్ల నోట నలిగి బ్లైటీ అయింది. మన వాళ్లు పరాయి దేశమన్న మాటతోనే వాళ్లు సొంత ఇంటిని తలుచుకున్నారు!

1914-18 యుద్ధంలో ఫ్రాన్సు కందకాల్లో ఈ మాట ప్రతి సోల్జరు నోటా నానింది. ప్రాణం మీదికి రాకుండా, ఇంటికి పంపేంత దెబ్బ తగిలితే ‘బ్లైటీ గాయం’ అనేవారు. తోటివాళ్లకు అది చూసి అసూయ. కొందరు తమను తామే కాల్చుకునేవారు. దొరికితే కోర్టు మార్షల్, ఆ సంగతి మీకు చెప్పాలా.

అదే యుద్ధంలో గాయపడిన మన సిపాయిలను ఈ ఊరికే తెచ్చారు. 1914 డిసెంబరు నుంచి 1916 జనవరి వరకు, ఒకప్పటి రాజభవనం రాయల్ పెవిలియన్ వాళ్ల ఆసుపత్రి. గుమ్మటాలు చూస్తే ఏ నవాబు కోటో అనుకుంటారు. హిందువులకు, ముస్లిములకు వేర్వేరు మంచినీటి కుళాయిలు, వేర్వేరు వంటశాలలు. మర్యాదలకు లోటు లేదు. కానీ గాయం మానగానే చాలామందిని తిరిగి యుద్ధానికే పంపారు. విలాయత్ చేరినా వాళ్లకు అది బ్లైటీ గాయం కాలేదు. నాకు మింగుడుపడనిది అదే.

చనిపోయిన వారిలో 53 మంది హిందూ, సిక్కు సైనికులను ఊరి బయట గుట్టల మీద దహనం చేశారు. అక్కడ 1921లో వాళ్ల స్మారకంగా ఛత్రి అనే పాలరాతి మండపం వెలిసింది. వేసవిలో మీరు వస్తే తీసుకెళ్తాను. కారు దిగాక చాలా దూరం నడవాలి. పెద్దమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయండి.

మీ అబ్బాయి