నాన్న ఆపరేషన్ అయ్యి మూడేళ్లు, అందరికీ పేరుపేరునా థాంక్స్

నాన్నకి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ జరిగి ఈ నెలకి మూడేళ్లు. మొన్న చేయించిన సీఈఏ అనే రక్తపరీక్ష, స్కాన్ రెండూ నార్మల్ వచ్చాయి. తిరగబెడితే చాలామందికి మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు, అందుకే ఇన్నాళ్లూ ఆగి ఇవాళ రాస్తున్నా.

ముందుగా మా ఆమదాలవలసలో మందుల షాపు అన్నయ్యకి. నీరసమని నాన్న నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగుతుంటే, "అరవై దాటిన మగమనిషికి రక్తం ఊరికే తగ్గదమ్మా, లోపల ఎక్కడో పోతున్నట్టుంది, పెద్ద డాక్టరుకి చూపించి కెమెరా పరీక్ష చేయించండి" అని వెంటపడి చెప్పింది ఆయనే. అంతకుముందు చూపించుకున్న చోట ఒక్కరూ ఆ మాట అనలేదు. గడ్డ కుడివైపు పేగులో ఉంటే కంటికి కనపడకుండానే రక్తం పోతుందట.

విశాఖలో ఆపరేషన్ చేసిన సర్జన్‌గారికి జన్మంతా రుణపడి ఉంటాం. బయాప్సీ రిపోర్టు నా ముందు పెట్టి, లైను లైను వేలు పెట్టి చూపిస్తూ చెప్పారు: పేగు చుట్టూ ఉండే చిన్న గ్రంథులు, అంటే లింఫ్ నోడ్లు, కనీసం 12 చూడాలి, ఇక్కడ 17 చూశారు, రెండింట్లో క్యాన్సర్ కణాలున్నాయి కాబట్టి మూడో స్టేజి, గడ్డ తీసేశారు కదా అని ఇంట్లో కూర్చోకండి, ఆపరేషన్ అయిన ఎనిమిది వారాల్లోపు కీమో మొదలవ్వాలి అని. మూడో స్టేజి అనగానే నాకు ఏడుపు ఆగలేదు. వైద్యం పూర్తిగా చేయించుకుంటే ఈ స్టేజిలో కూడా సగం కంటే ఎక్కువమంది ఐదేళ్లు దాటుతున్నారమ్మా అన్నారు, ఆ మాట పట్టుకునే నడిచాం. నాన్నలాంటి తక్కువ రిస్క్ వాళ్లకి ఆరు నెలల బదులు మూడు నెలల కీమో దాదాపు అంతే పనిచేస్తుందని, కీమో వల్ల చేతులు కాళ్లకి వచ్చే తిమ్మిర్లు బాగా తగ్గుతాయని 2018లో వచ్చిన పెద్ద అధ్యయనం గురించి కూడా ఓపిగ్గా వివరించారు.

ఆ మూడు నెలలే మాకు నరకం. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించిన రోజుల్లో చల్లటి స్టీలు గ్లాసు ముట్టుకుంటే చాలు నాన్నకి వేళ్లు షాక్ కొట్టినట్టయ్యేవి, చన్నీళ్లు తాగితే గొంతు పట్టేసేది. పక్కింటి పిన్ని ప్రతిసారీ చోడి (రాగి) అంబలి గోరువెచ్చగా ఫ్లాస్కులో పోసి, పట్టుకోడానికి పాత తువ్వాలు చుట్టి మరీ ఇచ్చేది. రైలు ఎంత లేటైనా స్టేషన్ బయట ఆటోతో కాచుకుని ఉన్న తమ్ముడికి, రక్తం ఇచ్చిన శ్రీకాకుళం కాలేజీ పిల్లలకి, ఆరోగ్యశ్రీ కాగితాలన్నీ దగ్గరుండి చూసుకున్న ఆరోగ్యమిత్రకి కూడా చేతులెత్తి దండం.

ఆపరేషన్ అయిన ఏడాదికి చేసిన కొలనోస్కోపీ (పేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష) బాగానే వచ్చింది, ఇంకోటి వచ్చే ఏడాది. సొంత తోబుట్టువులు, పిల్లలు కూడా 40 ఏళ్లకే పరీక్ష చేయించుకోవాలన్నారు, అక్కయ్యది అయిపోయింది, చిన్నాన్నని నాన్నే ఒప్పిస్తున్నారు. ఎవరికైనా రిపోర్టులు, ఆరోగ్యశ్రీ విషయంలో సాయం కావాలంటే మొహమాటపడకుండా మెసేజ్ పెట్టండి. కీమో అంటే భయపడేవాళ్లతో తానే మాట్లాడతానని నాన్న అంటున్నారు.